చిత్రాంగి మేడ ఎక్కడండీ? రాజుల ప్రేమకథలు: అపోహలు - వాస్తవాలు

రాజమండ్రి చూపిస్తానని ఎవరినైనా వెంటబెట్టుకుని బయల్దేరితే, పుష్కరాల రేవు దాటకముందే ఒక ప్రశ్న వచ్చి తీరుతుంది. "మేష్టారూ, చిత్రాంగి మేడ ఎక్కడండీ?" నన్నయ గారి గురించి అడిగినవాళ్ళు ఇన్నేళ్ళలో పట్టుమని పదిమంది తగల్లేదు. కోనసీమలో డిగ్రీ పిల్లలకి ఇరవై ఎనిమిదేళ్ళు చరిత్ర చెప్పి, రిటైరయ్యాక ఆదివారాలు ఈ పని పెట్టుకున్నాను. మేడ ప్రశ్నకి మొదట్లో నవ్వేవాణ్ణి. పోయిన కార్తీకం నుంచీ నవ్వు రావడం లేదు.

వనభోజనాలకని బస్సులో వచ్చిన బృందం అది. సారంగధరుడి మెట్ట మీద గుడి చూసి అందరూ దిగిపోతుంటే ఒకావిడ వెనకబడింది. ముప్ఫై ఏళ్ళుంటాయేమో. పక్కన ఎనిమిదేళ్ళ పిల్లాడు. జేబులో జీళ్ళు కుక్కుకున్నాడు, అవి కరిగి చొక్కాకి అంటుకుపోతే ఆవిడ కొంగు తడిపి తుడుస్తోంది. తుడుస్తూనే, నా వైపు చూడకుండా అడిగింది. "ఇది నిజంగా జరిగిందాండీ?"

నేను అలవాటుగా పాఠం ఎత్తుకోబోయాను. ఆవిడ గొంతు తగ్గించింది. "వీడు నా కడుపున పుట్టినవాడు కాదండీ. మా ఇంట్లో నన్ను చిత్రాంగి అంటారు. వీడికి నాలుగు ముద్దలు ఎక్కువ పెట్టినా చిత్రాంగే, నేను కొత్త చీర కట్టినా చిత్రాంగే. ఇప్పుడంటే చిన్నాడు. రేపు మీసాలొచ్చాక ఏమంటారో అని..."

ఆ మాట అక్కడే ఆపేసింది. అందుకే సలీము, అనార్కలి, తాజ్‌మహల్ అన్నీ తర్వాత. ముందు ఇది తేల్చాలి.

అపోహ: రాజమహేంద్రవరం ఏలిన రాజరాజనరేంద్రుడికి సారంగధరుడని కొడుకు. పావురం కోసం సవతి తల్లి చిత్రాంగి మేడకి వెళ్తే ఆవిడ మోహించింది. కుర్రాడు కాదన్నాడు. ఆవిడ నింద మోపితే రాజు వెనకాముందూ చూడకుండా కాళ్ళూ చేతులూ నరికించాడు.

వాస్తవం: రాజరాజనరేంద్రుడు ఉన్నాడు. 1022లో పట్టం కట్టుకున్నాడు, 1061 దాకా బతికాడు. మిగతాదేదీ ఆయన ఇంట్లో జరిగినట్టు ఆధారం లేదు.

ఇలా అనడానికి నాకేం దివ్యదృష్టి లేదు. ఆధారాలు మన పొలాల్లోనే దొరికాయి. కోరుమిల్లి, చెల్లూరు, నందంపూడి, ర్యాలి: బస్సు బోర్డుల మీద చదివే ఈ ఊళ్ళన్నీ చరిత్రకారుడికి తామ్రశాసనాల పేర్లు. రాగి రేకులు, వాటిని గుచ్చిన కడియం, కడియం మీద ముద్ర, ముద్రలో వరాహం, 'శ్రీ త్రిభువనాంకుశ' అన్న అక్షరాలు. దానం ఇచ్చిన పొలం సంగతి చెప్పేముందు రాజు తన వంశం మొత్తం ఏకరువు పెడతాడు. మనం శుభలేఖలో తాతముత్తాతల్ని వేసుకున్నట్టే.

ఆ లెక్క ప్రకారం రాజరాజు తండ్రి విమలాదిత్యుడు. తల్లి కుందవ, తంజావూరు రాజరాజ చోళుడి కూతురు. భార్య అమ్మంగదేవి, రాజేంద్ర చోళుడి కూతురు. అంటే మేనమామ కూతురే. కొడుకు పేరు రాజేంద్రుడు. అతను కూడా మేనమామ కూతురు మధురాంతకినే చేసుకున్నాడు. మేనరికాలు మనం కనిపెట్టామనుకుంటాం గానీ వేంగి, అంటే ఈ గోదావరి సీమ, ఏలిన రాజులు రెండు తరాలు వరసగా అదే పని చేశారు. ఆ రాజేంద్రుడే 1070లో చోళ సింహాసనం ఎక్కి కులోత్తుంగ చోళుడయ్యాడు. కాళ్ళూ చేతులూ సలక్షణంగా ఉన్నాయి. దాదాపు యాభై ఏళ్ళు ఏలాడు.

ఇక్కడ ఎవరో ఒకరు లేస్తారు. "శాసనంలో లేనంత మాత్రాన లేనట్టేనా మేష్టారూ? రాజుకి ఒక్కతే భార్య ఉంటుందా?" మంచి ప్రశ్నే. రాజులకి చాలామంది భార్యలుంటారు, అందరి పేర్లూ రేకులకెక్కవు. కానీ రాజరాజుకి ఇంట్లోనే పగవాడున్నాడు. విమలాదిత్యుడి ఇంకో భార్య కొడుకు విజయాదిత్యుడు. అన్న గద్దె మీద కన్నేసి, 1031 ప్రాంతంలో లాక్కున్నాడు కూడా. రాజరాజు మేనమామల సాయంతో తిరిగి తెచ్చుకున్నాడు. ఈ విజయాదిత్యుడూ శాసనాలు వేయించాడు, ర్యాలిలో దొరికినవి ఆయనవే. అన్న కన్నకొడుకుని అన్యాయంగా నరికించి ఉంటే, గద్దె లాక్కున్నవాడికి అంతకన్నా మంచి సాకు దొరుకుతుందా? ఊరూవాడా చాటేవాడు. ఒక్క ముక్క లేదు. ఆ కాలంలో సవతి పోరు మాత్రం నిజం. అది గద్దె కోసం అన్నదమ్ములు పడిన పోరు, మేడ మీది మోహం కాదు.

మరి కథ ఎక్కణ్ణుంచి వచ్చింది? గోరఖ్‌నాథుడి సంప్రదాయపు యోగులైన నాథ సిద్ధుల దగ్గర్నుంచి. చౌరంగి అని ఒక సిద్ధుడున్నాడు, కాళ్ళూ చేతులూ పోగొట్టుకుని యోగబలంతో తిరిగి పొందినవాడని ఆ సంప్రదాయం చెప్పుకుంటుంది. పంజాబులో పూరన్ భగత్ కథ వినండి: సియాల్‌కోట రాజు, పడుచు సవతి తల్లి, నింద, నరకడం, గోరఖ్‌నాథుడు వచ్చి బాగుచేయడం. అచ్చు ఇదే. తెలుగులో 15వ శతాబ్దంలో గౌరన 'నవనాథ చరిత్ర' ద్విపదలో రాస్తూ సారంగధరుణ్ణి పెట్టాడు. కానీ ఎక్కడ పెట్టాడు? మాళవ దేశంలో. తండ్రి పేరు రాజమహేంద్రుడు. అదీ కొంప ముంచింది. రాజమహేంద్రుడన్న పేరు వినగానే రాజమహేంద్రవరం గుర్తొచ్చింది, రాజమహేంద్రవరం అనగానే రాజరాజు గుర్తొచ్చాడు. 17వ శతాబ్దంలో తంజావూరులో కూర్చుని చేమకూర వెంకటకవి 'సారంగధర చరిత్ర' రాసే వేళకి ఆ కళంకం మన రాజుకి అంటుకుపోయింది. ఆ శతాబ్దంలోనే అప్పకవి ఇంకో మెట్టు ఎక్కాడు. నన్నయ రాసిన వ్యాకరణాన్ని భీమకవి అసూయతో గోదాట్లో పారేశాడట. చిన్నప్పుడే దాన్ని కంఠతా పట్టిన సారంగధరుడు సిద్ధుడయ్యాక ఒకరికి అప్పజెప్పి బతికించాడట. పుస్తకం గొప్పతనం చెప్పడానికి కథ అల్లినా అందంగా అల్లాడు, కాదనను.

తర్వాత నాటకాల వాళ్ళు అందుకున్నారు. ధర్మవరం రామకృష్ణమాచార్యులు గారి 'విషాద సారంగధర' ఆడని ఊరు లేదు. మేమూ కాలేజీ వార్షికోత్సవంలో ఈ కథే ఆడాం. నాకు వేషం ఇవ్వలేదు, పావురాన్ని అప్పజెప్పారు. వింగ్‌లో నిలబడి సమయానికి వదలాలి. వదిలాను. అది చిత్రాంగి మేడ మీద వాలాల్సింది పోయి హాలు దూలం ఎక్కి కూర్చుంది. నరికే రంగం దాకా దిగలేదు. చిత్రాంగి వేషం కట్టినవాడు మా క్లాసువాడే, ఆ వేషం కోసం మీసం తీయించేశారని వారం రోజులు మొహం చాటేశాడు. తర్వాత ఏడాదంతా హాస్టల్లో అందరూ వాణ్ణి చిత్రాంగీ అనే పిలిచారు. నేనూ పిలిచాను. వాడు నవ్వేసేవాడు, మగవాడు కాబట్టి. ఆ పిలుపు ఒక ఇల్లాలికి తగిలితే ఎలా ఉంటుందో నాకు ఇన్నేళ్ళకి, మెట్ట మీద తెలిసింది. అన్నట్టు, లెక్చరరైన కొత్తలో నేనూ ఈ కథని చరిత్ర లాగే చెప్పేవాణ్ణి. మధ్యాహ్నం క్లాసులో పిల్లలు నిద్రపోకుండా ఉంటారని. తప్పే.

ఇక మిగతావి గబగబా.

తాజ్‌మహల్ కట్టిన కూలీల చేతులు నరికించారని వాట్సాప్‌లో నెలకొకడు పంపుతాడు. మనవాళ్ళకి ఈ చేతులు నరకడం మీద మోజేమిటో. తాజ్ పని 1632లో మొదలైంది. అది సాగుతుండగానే 1639లో షాజహాన్ ఢిల్లీలో కొత్త నగరం మొదలుపెట్టాడు, 1650లో జామా మసీదు. పనివాళ్ళ చేతులు నరుక్కుంటూ పోతే ఇవన్నీ ఎవరు కడతారు? అమర ప్రేమ అంటూ కళ్ళు తుడుచుకునేవాళ్ళు ఇంకోటి కూడా చూడాలి. 1612లో పెళ్ళయిన ముంతాజ్ 1631లో బుర్హాన్‌పూర్‌లో పోయింది, పద్నాలుగో కాన్పులో.

అనార్కలిని గోడలో సమాధి చేశారన్నది: ప్రేమించాడని చెప్పే సలీమే తర్వాత జహంగీరు చక్రవర్తి; ఆయన తన జీవితం తనే రాసుకున్నాడు, తాగుడు కూడా దాచుకోలేదు. అందులో ఈవిడ లేదు. లాహోరులో ఆ పేరుతో సమాధి ఉంది, దాని మీద 1599 అన్న ఏడు ఉంది. అప్పటికి సలీముకి ముప్ఫై ఏళ్ళు, పన్నెండేళ్ళ కొడుకున్నాడు. సినిమాలో కుర్రాడు కాదు.

అక్బరు భార్య జోధాబాయి కాదు. 1562లో చేసుకున్నది అంబర్ రాజు భారమల్ కూతుర్ని, బిరుదు మరియం ఉజ్ జమానీ. జోధా అన్నది జోధ్‌పూర్ పిల్లకి, అంటే ఆవిడ కోడలికి, తగిన పేరు. అత్తా కోడళ్ళని కలిపేశారు, అంతే.

హైదరాబాద్ కట్టిన కులీ కుతుబ్‌షా ప్రేయసి అని చెప్పుకునే భాగమతిని మాత్రం పూర్తిగా కొట్టిపారేయను. పేరుతో సమాధి లేదు, శాసనం లేదు, షేర్వాణీ లాంటి పెద్ద చరిత్రకారుడు అసలు ఒప్పుకోలేదు. కానీ 1591లో హైదరాబాద్ పుట్టిన కొద్ది ఏళ్ళకే అక్బరు పంపిన రాయబారి ఫైజీ ఆవిడ ఊసెత్తాడు, అదీ తిడుతూ. తిట్టడానికైనా మనిషి ఉండాలి కదా అనిపిస్తుంది నాకు. తేలని సంగతి తేలలేదనే చెప్పాలి.

మన నిడదవోలు అల్లుడి సంగతి మర్చిపోకూడదు. రుద్రమదేవిని చేసుకున్న చాళుక్య వీరభద్రుడు నిడదవోలు వాడే. యుద్ధభూమిలో కళ్ళూ కళ్ళూ కలిశాయని కథలు చెబుతారు. ఆవిడ తండ్రి గణపతిదేవుడు గోదావరి సీమ తోడు కోసం కుదిర్చిన సంబంధం అది. ఇంతకన్నా తమాషా మార్కోపోలోది. మన కోస్తా రేవు మోటుపల్లి గురించి రాస్తూ, ఈ దేశాన్ని ఏలే రాణి చనిపోయిన భర్త మీద ప్రేమతో మళ్ళీ పెళ్ళి చేసుకోలేదని మెచ్చుకున్నాడు. ఆవిడకన్నా ముందు ఏలిన రాజు భర్త కాదు, కన్నతండ్రి! ఆడది గద్దె మీద ఉందంటే ఎవరి మీదో ప్రేమతోనే ఉండాలని వెనిస్ నుంచి వచ్చినవాడూ అనుకున్నాడు.

ఆ రోజు మెట్ట మీద ఇవన్నీ చెప్పలేదు. టికెట్టు వెనకాల వంశవృక్షం గీశాను: విమలాదిత్యుడు, కుందవ, రాజరాజు, అమ్మంగ, కులోత్తుంగుడు. చిత్రాంగి ఎక్కడా లేదు చూడమ్మా అన్నాను. ఆవిడ ఒక్కో పేరు మీదా వేలు పెట్టి చదివింది. "మా అత్తగారికి చదువు రాదండీ. మా ఆయనకి చూపిస్తాను" అని మడిచి పర్సులో పెట్టుకుంది.

పిల్లాడికి మాత్రం కథ పోయిందని దిగులు. దాంతో వాడికి చెల్లూరు రేకుల్లోది ఒకటి చెప్పాను. కులోత్తుంగుడు తన కొడుకుల్లో ఒకణ్ణి వేంగి ఏలమని ఇక్కడికి పంపాడు. తాత పేరే వాడికి, రాజరాజు. ఆ కుర్రాడు ఏడాది ఏలి, అమ్మానాన్నల కాళ్ళ దగ్గర ఉండే సుఖం ఈ రాజ్యంలో లేదని వదిలేసి వాళ్ళ దగ్గరికి వెళ్ళిపోయాడు. దానశాసనంలో చెక్కించిన మాట ఇది.

"రాజ్యం వదిలేసి వచ్చేస్తే వాళ్ళమ్మ తిట్టలేదా?" అన్నాడు వాడు.

కింద బస్సు హారన్ కొడుతోంది. "తిట్టే ఉంటుందిరా" అంటూ ఆవిడ వాడి జేబులో చెయ్యి పెట్టి మిగిలిన జీళ్ళు తీసి తన కొంగున ముడేసుకుని, వాణ్ణి లాక్కుంటూ మెట్లు దిగింది.