ఎర్ర మూత్రం లేకపోతే గోమారి జ్వరం కానట్టేనా?

కోనసీమలో సంకర ఆవులు పెంచే రైతులు ఒక పశువైద్యుడిగా నాతో తరచూ అనే మాటలివి. అన్నీ అనాప్లాస్మా గురించే. గోమార్లు, అంటే పశువుల రక్తం తాగే పిడుదులు, అంటించే ఈ బ్యాక్టీరియా ఆవు ఎర్ర రక్తకణాల్లో చేరుతుంది.

అపోహ: మూత్రం మామూలుగానే ఉంది, గోమారి జ్వరం కాదు.

వాస్తవం: నన్ను అన్నిటికన్నా బాధపెట్టే మాట ఇదే. దీన్ని నమ్ముకుని విలువైన రోజులు పోగొట్టుకుంటారు. ఎర్ర మూత్రం బబేసియా లక్షణం, అది గోమార్లే అంటించే వేరే జబ్బు. అనాప్లాస్మాలో రక్తకణాలు నాళాల్లో పగలవు, జబ్బు సోకిన కణాలను ప్లీహం ఏరి నాశనం చేస్తుంది. అందుకే ఒంట్లో రక్తం తగ్గిపోతున్నా మూత్రంలో ఎరుపు కనబడదు. కంటి కింది రెప్ప లాగి చూడండి. గులాబీ రంగులో ఉండాల్సిన పొర ముందు తెల్లగా పాలిపోతుంది, తర్వాత పచ్చబడుతుంది. పేడ గట్టిపడుతుంది, పాలు ఒక్కసారిగా పడిపోతాయి. అలాంటి ఆవును ఎండలో ఆసుపత్రికి నడిపించకండి, ఆయాసంతో దారిలోనే కూలిపోవచ్చు. డాక్టర్నే పాక దగ్గరికి పిలవండి.

అపోహ: గోమారి జ్వరాలన్నిటికీ ఒకటే ఇంజెక్షన్.

వాస్తవం: కాదు. అనాప్లాస్మాకు ఆక్సీటెట్రాసైక్లిన్ వాడతాం. బబేసియాకు, గోమార్లే అంటించే మరో జబ్బు థైలీరియాకు మందులు వేరు. అందుకే మందు పడకముందే రక్తం తీయించి స్లైడ్ మీద పరీక్ష చేయించండి. ఈ జబ్బు మనుషులకు రాదు, ఆ టెన్షన్ వద్దు. కానీ మందు పాలలోకి దిగుతుంది. డాక్టర్ చెప్పిన గడువు దాటేదాకా ఆ పాలు కేంద్రానికి పోయకండి, ఇంట్లో వాడకండి.

అపోహ: దూడలకే ప్రమాదం.

వాస్తవం: తిరగేసి చెప్పాలి. ఏడాదిలోపు దూడల్లో తేలిగ్గా పోతుంది, మూడేళ్లు దాటిన ఆవుల్లోనే ముదురుతుంది.

అపోహ: ఒంటి మీద గోమార్లు లేవు, ఇక రాదు.

వాస్తవం: జోరీగలు కూడా అంటిస్తాయి. మనుషులమూ అంటిస్తాం, ఒకే సూదితో పాకలోని పశువులన్నిటికీ పొడిచి. కోలుకున్న ఆవు పైకి ఆరోగ్యంగా కనిపించినా దాని రక్తంలో సూక్ష్మజీవి ఉండిపోతుంది. పశువుకో సూది వాడమని గట్టిగా అడగండి, అది మీ హక్కు.

అపోహ: ఆవు ఒంటికి మందు కొడితే గోమార్లు పోయినట్టే.

వాస్తవం: రక్తం తాగి ఉబ్బిన ఆడ గోమారి నేలరాలి, గోడ బీటల్లో, గడ్డి కింద వేల గుడ్లు పెడుతుంది. పాకలో బీటలు పూడ్చండి, మూలలకూ మందు కొట్టండి. చేపల, రొయ్యల చెరువులున్న ఉండి, ఆకివీడు వైపు వాళ్లు మరీ జాగ్రత్త: గోమార్లకు కొట్టే డెల్టామెత్రిన్ మందు చేపలకు, రొయ్యలకు విషం. స్ప్రేయర్‌ను కాలువలో కడగొద్దు, కడిగిన నీళ్లు చెరువు గట్టు మీద పారబోయొద్దు.