యుద్ధం నీడలో పెరిగే పిల్లలకు గ్రూప్ థెరపీ: అపోహలు - వాస్తవాలు

అపోహ: అందరినీ గుండ్రంగా కూర్చోబెట్టి, జరిగిందంతా చెప్పించి ఏడిపిస్తే బరువు దిగిపోతుంది.

మా వృత్తిలో ఎక్కువగా వినేది ఇదే, భయపెట్టేదీ ఇదే. ఒకరు చూసిన చావు పక్కన కూర్చున్నవారికీ పీడకల కావచ్చు. ఘటన జరగగానే ఒకే సిటింగ్‌లో అన్నీ చెప్పించే డీబ్రీఫింగ్‌ను ప్రపంచ ఆరోగ్య సంస్థ వద్దంటోంది. గ్రూపులో ముందు నిద్ర, ఉలికిపాటు, కోపం సంగతి చూడాలి. జరిగినదాంట్లో ఎంత చెప్పాలో, అసలు చెప్పాలో వద్దో పిల్లల ఇష్టం.

అపోహ: ఆడించి పాడిస్తే అన్నీ మర్చిపోతారు.

ఉత్తర ఉగాండాలో లార్డ్స్ రెసిస్టెన్స్ ఆర్మీ అనే తిరుగుబాటు సాయుధ దళం ఎత్తుకుపోతుందన్న భయంతో పిల్లలు సాయంత్రానికల్లా పల్లెలు వదిలి గులూ పట్టణానికి నడిచి వెళ్లి పడుకునేవారు. ఆ ప్రాంతంలో యుద్ధం వల్ల ఇళ్లు వదిలినవారుండే రెండు శిబిరాల్లో 14-17 ఏళ్ల 314 మందితో చేసిన అధ్యయనం 2007లో వెలువడింది. కొందరికి వారానికోసారి చొప్పున 16 వారాలు గ్రూప్ థెరపీ, కొందరికి ఆటపాటలు, మిగిలినవారు పోల్చి చూడటానికి వెయిటింగ్ లిస్టులో. ఆటపాటలతో డిప్రెషన్ తగ్గలేదు, థెరపీతో తగ్గింది. అయితే అమ్మాయిల్లో కనిపించినంత స్పష్టంగా అబ్బాయిల్లో కనిపించలేదు. ఈ రెండో మాటను చాలామంది దాటేస్తారు.

ఆ థెరపీలో ప్రశ్నలు యుద్ధం చుట్టూ తిరగవు. ఎవరిని పోగొట్టుకున్నావు, ఇంట్లో ఎవరితో పడట్లేదు, బతుకులో ఏం మారింది, దానికి ఈ వారం ఏం చేయగలవు? గొడవపడ్డ పిన్నితో మాట కలపడం ఎలాగో తోటివాళ్లే సలహా చెబుతారు.

అపోహ: సైకియాట్రిస్టే నడపాలి.

ఉగాండాలో నడిపింది శిక్షణ పొందిన స్థానికులే. కానీ వాళ్ల వెనుక సూపర్‌విజన్ ఉండాలి. చనిపోవాలనిపిస్తోందన్న పిల్లలను మాత్రం గ్రూపుతో సరిపెట్టకుండా విడిగా చూడాలి.

అపోహ: హింస ఆగేదాకా థెరపీ దండగ.

గాజాలో దాడుల మధ్యే ఇలాంటి గ్రూపులు నడిచాయి, ఫలితాలు అన్నిసార్లూ ఒకేలా రాలేదన్నదీ నిజమే. అలాంటి చోట ‘ఇక భయం లేదు’ అంటే పచ్చి అబద్ధం, పిల్లలకది తెలుసు కూడా. బాంబు మోతకు భయపడటం జబ్బు కాదు. తలుపు దబ్బున పడినా ఒళ్లంతా వణికి గంటల తరబడి తగ్గకపోతే, ఆ వణుకును తగ్గించుకోవడం నేర్పవచ్చు.

అపోహ: పెద్దవాళ్లతో పనిలేదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 10-15 ఏళ్లవారికి రూపొందించిన ‘ఈజ్’ కార్యక్రమంలో పిల్లలకు 7 సెషన్లు, వాళ్లను చూసుకునేవారికి 3.