సాసుకే గొడవను 43వ సంపుటం నుంచి చూడాలి

ఊరికి ఎదురు తిరిగిన సాసుకే ఉచిహాను శిక్ష లేకుండా అంత తేలిగ్గా వదిలేయొచ్చా అన్న గొడవ, నింజాల కథ చెప్పే జపాన్ మంగా (కామిక్) 'నరుటో' ఫ్యాన్స్ మధ్య మళ్లీ రాజుకుంది. మసాషి కిషిమోటో ఈ మంగాను 2014లోనే 700 చాప్టర్లతో ముగించాడు. పంచాయితీ మాత్రం తెగలేదు. సాసుకే, కథానాయకుడు నరుటో, సకురా కలిసున్న ఏడో టీమ్, చిరుగంటలు లాక్కునే పరీక్ష, బలం కోసం సాసుకే ఊరొదిలి ఒరోచిమారు అనే దుష్టుడి దగ్గరికి పారిపోవడం, ఆపబోయిన నరుటోతో జలపాతం దగ్గర కొట్లాట ఫ్యాన్స్ అందరికీ తెలిసినవే, వాటి జోలికి పోవట్లేదు.

అసలు మలుపు 43వ సంపుటంలో ఉంది. సాసుకే అన్నయ్య ఇటాచి చనిపోయాడు. తమ ఉచిహా వంశాన్ని నరికేసిన అన్నను చంపాలన్న ఒకే పట్టుదలతో పెరిగిన సాసుకేకు ఇక చేయడానికి పనేమీ మిగల్లేదు. అప్పుడొచ్చాడు ముసుగు మనిషి. వంశం అంతమైన ఆ రాత్రి ఇటాచి కత్తి దూసింది ఊరి పెద్దల ఆజ్ఞ మీదేనని చెప్పాడు.

తొమ్మిది తోకల రాక్షస నక్క వాళ్ల ఊరు కొనోహా మీద పడినప్పటి నుంచీ అందరి అనుమానం ఉచిహాల మీదే. ఆ నక్కను ఆడించగల కళ్లు వాళ్లవి మరి. వాళ్ల ఇళ్లను ఊరి అంచుకు మార్చారు, నిఘా పెట్టారు. పోలీసు పని వాళ్లకిచ్చి పాలనలో నోరెత్తనివ్వలేదు. చివరికి తిరుగుబాటుకు సిద్ధపడ్డారు. మూడో హోకాగే (ఊరి అధిపతి) హిరుజెన్ మాటలతో తేల్చాలని చూశాడు, ఊరి పెద్దల్లో ఒకడైన డాంజో ఆగలేదు. వంశంతో పాటు తమ్ముడూ పోవాలా, తమ్ముడొక్కడైనా మిగలాలా తేల్చుకోమని ఇటాచితో అన్నాడు. ఇటాచికి అప్పుడు పదమూడేళ్లు.

ఇదంతా విన్న సాసుకే సముద్రం ఒడ్డున నిలబడి ఏడుస్తాడు. 'పాము' అన్న తన జట్టు పేరును 'డేగ'గా మార్చి, కొనోహాను నాశనం చేస్తానంటాడు. 'వీడు విలన్ అయిపోయాడు' అని చాలామంది తీర్పు చెప్పేసేది ఇక్కడే. నాకైతే వాడు మొదటిసారి సొంతంగా ఆలోచించింది ఇక్కడే అనిపిస్తుంది. అప్పటిదాకా వాడి పగ కూడా అన్న నూరిపోసిందే కదా.

ఆ తర్వాత తన జట్టులోని కారిన్‌ను పొడిచాడు, పాత స్నేహితురాలు సకురా మీదికి వెళ్లాడు, ఐదు నింజా ఊళ్ల అధిపతులైన ఐదుగురు కాగేల సభ మీద పడ్డాడు. అదీ నిజమే.

ఇక నరుటో సంగతి. మంచులో ఆ ఐదుగురిలో ఒకడైన రైకాగే ముందు మోకరిల్లి సాసుకే ప్రాణం అడిగినప్పటికి నరుటోకు ఇటాచి గురించిన ఈ నిజం తెలియదు. కాసేపటికే తెలిసింది. అయినా ఊరికి చెప్పలేదు. ఉచిహాల పరువు కోసం తన సంగతి ఊళ్లో చెప్పొద్దని, తర్వాత వచ్చిన నింజా యుద్ధంలో మంత్రబలంతో మళ్లీ లేచొచ్చిన ఇటాచే నరుటోను అడిగాడు. నరుటో స్నేహానికి చప్పట్లు కొట్టేవాళ్లు ఈ మౌనం గురించి మాట్లాడరు.

నరుటో, సాసుకేల ఆఖరి పోరులో చెరో చెయ్యీ పోయింది. సాసుకే ఓటమి ఒప్పుకున్నాడు. యుద్ధంలో చేసిన సాయం, నరుటో మాట వల్ల శిక్ష తప్పిందని 699వ చాప్టర్‌లో వాళ్ల గురువు కకాషి చెబుతాడు. డాంజోను సాసుకేనే చంపాడు. ఇటాచికిచ్చిన ఆ ఆజ్ఞలో చెయ్యున్న మిగతా ఊరి పెద్దలు హొమురా, కొహారులను అడిగినవాడు లేడు. సాసుకే ఊళ్లో ఉండకుండా బయల్దేరాడు. దారిలో నరుటో ఎదురై, ఎప్పుడో జలపాతం దగ్గర గీత పడ్డ, ఊరి గుర్తున్న సాసుకే పాత నుదుటి పట్టీని చేతికిచ్చాడు. తీసుకున్నాడు గానీ కట్టుకోలేదు.