ఫార్మాట్ అంటే ఒప్పుకోకండి

శ్రీకాకుళం

చిరంజీవులిద్దరికీ తాతయ్య ఆశీస్సులు.

నిన్న రాత్రి ఫోన్లో ఒకరి మాటకి ఒకరు అడ్డుపడుతూ మీరు చెప్పినదాంట్లో నాకు తేలింది ఇంత. సాయంత్రం కరెంటు పోయి వచ్చింది. కంప్యూటరు ఆన్ చేస్తే లైటు వెలుగుతోంది, ఫ్యాను తిరుగుతోంది, నల్ల తెర మీద ఇంగ్లీషులో ఒక ముక్క వచ్చి అక్కడే ఆగిపోతోంది. "ఏటీ రావట్లేదు తాతా" అన్నాడు చిన్నోడు. ఎవరో చూసి, డిస్కు పోయింది, ఫార్మాట్ కొట్టేస్తే సరిపోతుంది అన్నారట.

వద్దని అప్పుడే గట్టిగా చెప్పాను. ఎందుకు వద్దో ఫోన్లో చెబితే సగం వింటారు, సగం మరిచిపోతారు. అందుకే రాస్తున్నాను.

అసలు ఆ సలహాలోనే ఒక తిరకాసు ఉంది, గమనించారా? డిస్కు నిజంగా పోతే ఫార్మాట్ చేసినా బాగుపడదు. ఫార్మాట్‌తో బాగుపడేదైతే డిస్కు పోలేదన్నమాట, పోయింది ఇంకేదో. అదేమిటో చూడకుండా ఇల్లంతా ఖాళీ చేసేస్తామంటే ఎలా? ఆ డిస్కులో మీ విజయనగరం పైడితల్లి పండగలో పూజారిని కూర్చోబెట్టి ఊరేగించే సిరిమానుని మీ నాన్న ఏటేటా తీసిన ఫోటోలున్నాయి. మూడు లాంతర్ల కూడలి దగ్గర జనంలో నిలబడి, సిరిమాను వస్తుంటే రెండు చేతులూ ఎత్తి దండం పెడుతున్న మీ నాన్నమ్మ ఉంది. ఆ ఫోటో ఇంకెక్కడా లేదు.

మీరు పార్వతీపురం వెళ్లాలంటే బస్సు కాంప్లెక్సులో ఏం చేస్తారు? ముందు ఎంక్వయిరీలో అడుగుతారు. ఆయన ఫలానా ప్లాట్‌ఫాం అంటాడు. అక్కడికెళ్లి బోర్డు చదువుకుంటారు. అప్పుడు బస్సెక్కుతారు. కంప్యూటరు లేవడమూ అంతే. ఎంక్వయిరీ అంటే మదర్‌బోర్డు మీద ఒక చిప్పులో ఉండే చిన్న ప్రోగ్రాము. పాతవాటిలో దాన్ని బయాస్ అనేవాళ్లం, ఇప్పటివాటిలో యూఈఎఫ్ఐ అంటున్నారు. మీ ఫోటోల సంగతి దానికి పట్టదు. ఏ డిస్కు దగ్గరికి వెళ్లాలో చూపించడం వరకే దాని పని. బోర్డు డిస్కు మొదట్లో ఉంటుంది. బస్సు విండోస్.

ఆ బోర్డు ఎంత చిన్నదో తెలిస్తే మీకు ఆశ్చర్యమేస్తుంది. మీది పాత డెస్క్‌టాప్ కాబట్టి పాత పద్ధతే చెబుతాను. డిస్కులో మొట్టమొదటి గది 512 బైట్లు. అందులో 446 బైట్లు విండోస్‌ని పిలిచే ప్రోగ్రాము. తర్వాత 64 బైట్లు డిస్కు ఏయే భాగాలుగా ఉందో చెప్పే పట్టిక, ఒక్కోటి 16 బైట్ల చొప్పున నాలుగు వరసలు. చివరి 2 బైట్లు ముద్ర. ఆ ముద్ర కనబడితేనే బయాస్ ముందుకు కదులుతుంది. తెలుగులో రాస్తే రెండు మూడు వాక్యాలకే నిండిపోయే జాగా అది. 1983లో ఐబీఎం వాళ్ల పీసీ ఎక్స్‌టీ 10 ఎంబీ హార్డ్‌డిస్కుతో వచ్చిన నాటి ఏర్పాటు. కొత్త యూఈఎఫ్ఐ కంప్యూటర్లలో దీనికి బదులు చిన్న భాగం ఒకటి వేరుగా పెట్టి, కంప్యూటరుని లేపే (బూట్) ఫైళ్లు అందులో ఉంచుతారు. పట్టిక నకలు కూడా డిస్కు చివర ఒకటి దాస్తారు.

కరెంటు తటాలున పోయినప్పుడు ఈ మొదటి గది దెబ్బతిన్నదే అనుకోండి. కంప్యూటరు లేవదు. కానీ సిరిమాను ఫోటోలు దానికి ఎంతో దూరంలో చెక్కుచెదరకుండా ఉంటాయి.

ఇప్పుడు అసలు విషయం. తెర మీద ఏదో వచ్చిందని కాకుండా, ఏం వచ్చిందో అక్షరం పొల్లుపోకుండా చదవండి. ఆ మాట ఎవరు అంటున్నారో దాన్నిబట్టి తెలుస్తుంది. "రీబూట్ అండ్ సెలెక్ట్ ప్రాపర్ బూట్ డివైస్" అనో, "నో బూటబుల్ డివైస్" అనో ఉంటే అది ఎంక్వయిరీ మాట. దానికి డిస్కే కనబడలేదు, లేదా కనబడినా ఎక్కించుకునేలా లేదు. "బూట్‌ఎంజీఆర్ ఈజ్ మిస్సింగ్" అని ఉంటే ఆ మాటన్నది డిస్కే! డిస్కు మీద రాసి ఉన్న చిన్న ప్రోగ్రాము లేచి, నాకు తర్వాతి ఫైలు దొరకలేదు బాబూ అని చెబుతోంది. మాట్లాడుతున్న డిస్కు చచ్చిపోయిందని ఎలా అంటాం?

ముందు చేయాల్సింది చాలా చిన్న పని. పెన్‌డ్రైవు ఏదైనా గుచ్చి ఉంటే తీసేయండి. బయాస్ ముందు దాన్ని అడిగి, అందులో ఏమీ లేదని అక్కడే ఆగిపోవచ్చు. తర్వాత ఆన్ చేసిన వెంటనే డిలీట్ గానీ ఎఫ్2 గానీ నొక్కుతూ ఉంటే సెట్టింగుల తెర వస్తుంది. కంపెనీని బట్టి మీట మారుతుంది. అక్కడ ఏదీ మార్చొద్దు, రెండే చూడండి. డిస్కు పేరు కనిపిస్తోందా? తేదీ సరిగ్గా ఉందా?

తేదీ ఎందుకంటే, మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లలాంటి బ్యాటరీ ఒకటుంటుంది. సీఆర్2032 అని దాని మీదే రాసుంటుంది, 3 వోల్టులు. కరెంటు లేనప్పుడు గడియారాన్నీ సెట్టింగులనీ కాపాడేది అదే. ప్లగ్గు పెట్టి ఉన్నన్నాళ్లూ అది అయిపోయినా మనకి తెలీదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటాక మన జిల్లాలో ఎన్నో ఊళ్లకి రోజుల తరబడి కరెంటు లేదు. కరెంటు వచ్చాక ఉద్దానం వైపు నుంచి ఒకాయన బస్సులో, తువ్వాలు చుట్టి, సీపీయూ ఒళ్లో పెట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. డిస్కు పోయిందన్నారండీ, జీడిపప్పు లెక్కలన్నీ ఇందులోనే ఉన్నాయి అన్నాడు. తెరిచి చూస్తే తేదీ ఎన్నో ఏళ్లు వెనక్కి పోయి ఉంది. బిళ్ల అయిపోయి, బయాస్ తన సెట్టింగులు మరిచిపోయి, డిస్కుని చదివే పద్ధతి మార్చేసుకుంది. బిళ్ల మార్చి, ఏహెచ్‌సీఐ అన్న సెట్టింగు మళ్లీ పెట్టాను. విండోస్ లేచింది. ఆయన కాసేపు కుర్చీలోంచి లేవలేకపోయాడు.

డిస్కు పేరే కనబడకపోతే కేబుళ్లు చూడాలి. రెండుంటాయి. సన్నది డేటాకి, వెడల్పుది కరెంటుకి. మన తీరం గాలిలో ఉప్పుతేమకి ఆ కేబుళ్ల కొసల్లోని రేకులు పాడవచ్చు. ప్లగ్గు పీకేసి, ఓసారి పవర్ బటన్ నొక్కి వదిలి, రెండూ ఊడదీసి మళ్లీ గట్టిగా బిగిస్తే చాలాసార్లు పని అవుతుంది. ఈ పని మాత్రం నాన్న పక్కనుండగానే చేయండి.

చెవి కూడా పెట్టండి. హార్డ్‌డిస్కు లోపల పళ్లెం నిమిషానికి 5400 సార్లో 7200 సార్లో తిరుగుతుంటే, దాని మీద వెంట్రుక కూడా దూరనంత ఎత్తులో చదివే ముల్లు తేలుతూ ఉంటుంది. సన్నగా గుయ్‌మంటే మంచిదే. టక్... టక్... టక్ అని గోడ గడియారంలా ఒకే వరసన కొడుతుంటే వెంటనే ఆఫ్ చేయండి. మళ్లీ ఆన్ చేసి చూద్దామని అనుకోవద్దు, చేసిన ప్రతిసారీ పళ్లెం గీసుకుపోవచ్చు. అది ఇక డేటా రికవరీ వాళ్ల పని, ఖర్చయినా సరే.

నేను ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. కంప్యూటర్లు బాగుచేసే పని నేర్చుకున్న కొత్తలో ఒకావిడ డిస్కు తెచ్చారు. లేవట్లేదు. నేను అడగలేదు, చూడలేదు, ఫార్మాట్ చేసి దాని మీదే విండోస్ ఎక్కించి ఇచ్చేశాను. మర్నాడు వచ్చి, మా ఆయన ఫోటోలేవి బాబూ అన్నారు. ఆయన పోయి మూడు నెలలైందట. ఒట్టి ఫార్మాట్ అయితే ఏవో కొన్ని బయటికి తీసేవాణ్ని. దాని మీద విండోస్ కూర్చున్నాక ఆ గదుల్లో పాతవి ఉండవు. ఆవిడ నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అప్పటి నుంచి ఎవరు డిస్కు తెచ్చినా నా మొదటి ప్రశ్న ఒకటే: ఇందులో ఏముంది?

అందుకే బాగుచేయడం తర్వాత, ముందు కాపీ. డిస్కు ఊడదీసి యూఎస్‌బీ కేబులుతో ఇంకో కంప్యూటరుకి తగిలిస్తే, ఈ డిస్కుని ఫార్మాట్ చేయాలి అని విండోస్ అడగొచ్చు. క్యాన్సిల్ నొక్కాలి. అప్పుడు ఆ కంప్యూటరుని విండోస్‌కి బదులు ఉబుంటు అనే ఇంకో వ్యవస్థ ఉన్న పెన్‌డ్రైవుతో లేపి, ఇన్‌స్టాల్ చేయకుండా ట్రై అన్నది ఎంచుకుని చూస్తే చాలాసార్లు ఫోల్డర్లు కనిపిస్తాయి. ఫోటోలు ముందు, సినిమాలు ఆఖరికి. డిస్కులో తప్పులు వెతికే చెక్‌డిస్క్ కూడా అప్పుడే వద్దు. సరిచేయమంటే అది డిస్కు మీద రాస్తుంది, జబ్బుపడ్డ డిస్కు మీద ఏదీ రాయకూడదు. కాపీ అయ్యాక బూట్‌రెక్ /ఫిక్స్‌ఎంబీఆర్ అని ఒక కమాండు ఉంది, ఆ మొదటి గదిలోని ప్రోగ్రాముని తిరిగి రాస్తుంది. అది మీ చేతే కొట్టిస్తాను.

ఆదివారం పొద్దున్న ఆమదాలవలసలో బండెక్కుతున్నాను. కేబులు, కొత్త బిళ్ల, ఖాళీ డిస్కు ఒకటి తెస్తాను. పైన చెప్పినవన్నీ నేనొచ్చాక కలిసి చేద్దాం, ఈలోపు దాన్ని ఆన్ చేయొద్దు. ఉత్తరం అందాక ఒక్కసారి మాత్రం ఆన్ చేసి, ఆ తెర ఫోటో తీసి నాన్న ఫోన్లోంచి పంపి, ఆఫ్ చేసేయండి. టక్ టక్ వినబడిందా లేదా అన్నది కూడా రాయండి.

మీ తాతయ్య