మట్టిలో జారే బాక్టీరియా, దాని రెండు చలన వ్యవస్థలు

బెంగళూరు కళాశాలల్లో సూక్ష్మజీవశాస్త్రం చదివే మన తెలుగు విద్యార్థులకు బాక్టీరియా చలనం అనగానే ముందుగా గుర్తొచ్చేది నీటిలో ఈదడానికి పనికొచ్చే కశాభం. అయితే ఈ ఊరి ఎర్రమట్టిని చిటికెడు తీసుకుని, పోషకాలు కలపని అగార్ అనే జెల్లీ మీద చారగా పూసిన ఇ. కోలై బాక్టీరియా పక్కన ఉంచి ఓపికగా గమనిస్తే, కశాభాలు లేకుండానే జారుతూ వచ్చి ఆ ఇ. కోలైని కరిగించి తినే మిక్సోబాక్టీరియా బయటపడే అవకాశం ఉంది. వీటిలో ఎక్కువగా పరిశోధించిన జాతి మిక్సోకాకస్ జాంథస్. దాని వేగం నిమిషానికి కొన్ని మైక్రోమీటర్లే.

1970ల చివర్లో జోనాథన్ హాడ్జ్‌కిన్, డేల్ కైజర్ అనే శాస్త్రవేత్తలు ఈ జీవిలో చలనం దెబ్బతిన్న ఉత్పరివర్తకాలను, అంటే జన్యువులు మారిన కణాలను, సేకరించారు. కొన్నింటిలో విడి కణాలు కదలలేకపోయినా గుంపులోని కణాలు కదిలాయి. మరికొన్నింటిలో గుంపు కదలిక పోయి విడి కణాల కదలిక మిగిలింది. రెండు లోపాలనూ ఒకే కణంలో చేర్చినప్పుడు మాత్రమే చలనం ఆగింది. అంటే కణంలో రెండు వేర్వేరు వ్యవస్థలున్నాయని, ఏ యంత్రమూ కంటపడకముందే, కేవలం జన్యుశాస్త్ర తర్కంతో తేలింది. ఇంత శుభ్రమైన వాదన జీవశాస్త్రంలో అరుదని నా అభిప్రాయం. గుంపు కదలికకు మూలం చాచుకుని, అతుక్కుని, వెనక్కి ముడుచుకునే నాలుగో రకం పైలై అనే సన్నని పోగులనీ, విడి కణాల జారుడుకు మూలం నేలను పట్టుకునే ప్రోటీన్ సముదాయాలనీ తర్వాత తెలిసింది. ఎంజీఎల్‌ఏ అనే ఒక్క జన్యువు చెడితే మాత్రం రెండు వ్యవస్థలూ ఉన్నా కణం ముందుకు సాగదు, ఎందుకంటే కణంలో ఏ కొన ముందుండాలో నిర్ణయించేది దాని ప్రోటీనే.

అన్నిటికన్నా ఆశ్చర్యం కలిగించేది టీజీఎల్ జన్యువు. అది లోపించిన కణాలు ఆరోగ్యవంతమైన కణాలను తాకితే తాత్కాలికంగా గుంపు కదలికను తిరిగి పొందుతాయి, కానీ వాటి సంతతిలో లోపం అలాగే ఉంటుంది. బదిలీ అయింది జన్యువు కాదు, ప్రోటీన్. పైలై బయటకు వచ్చే ద్వారం బాహ్యపొరలో అమరడానికి అవసరమైన టీజీఎల్ ప్రోటీన్ ఒక కణం నుంచి మరో కణానికి చేరుతుందని 2005లో నిరూపించారు. ఈ మార్పిడికి ట్రాఏ అనే ఉపరితల ప్రోటీన్ కావాలి. రెండు కణాల ట్రాఏలు ఒకదానికొకటి సరిపోలితేనే బాహ్యపొరలోని పదార్థం చేతులు మారుతుంది. ట్రాఏలో రకాలు అనేకం ఉన్నందున, ఒకే మట్టిలో పక్కపక్కనే బతుకుతున్నా వేరే రకం ట్రాఏ ఉన్న కణం నుంచి ఈ సాయం అందదు.