ఒకే పేరు, మూడు కార్డులు: జీటీ 730 గురించి పిల్లలకు ఉత్తరం

చిరంజీవులకు ఆశీస్సులు.

మీరు పంపిన ఫోటో అందింది. డబ్బా మీద “జీఫోర్స్ జీటీ 730, 4 జీబీ” అని పెద్ద అక్షరాలతో ఉంది. అది తెర మీద బొమ్మ గీసే గ్రాఫిక్స్ కార్డు. పాత ఆఫీసు కంప్యూటర్‌లో పెట్టుకుంటాం, కొనమంటారా అని అడిగారు. ఆ ఒక్క ఫోటో చూసి కొనండనీ చెప్పలేను, వద్దనీ చెప్పలేను. దాన్ని తయారుచేసే ఎన్‌విడియా కంపెనీ 2014 జూన్‌లో ఈ పేరుతో ఒక కార్డు కాదు, మూడు రకాలు వదిలింది. పేరు ఒకటే గానీ లోపలి సరుకు వేరు. ఏది మీ చేతికొస్తుందో తెలుసుకున్నాకే డబ్బులు తీయాలి.

మొదటి రకంలో ఉన్నది జీఎఫ్108 అనే చిప్పు. ఇది ఫెర్మీ తరానిది, 40 నానోమీటర్ల పద్ధతిలో చేసింది (ఈ అంకె చిన్నదైన కొద్దీ కొత్త పద్ధతి అనుకోండి). 2010లో జీటీ 430లో వచ్చిన చిప్పునే 2014లో కొత్త పేరు పెట్టి మళ్లీ అమ్మారు. దీంట్లో 96 కోర్లు (లెక్కలు చేసే చిన్న భాగాలు), డీడీఆర్3 మెమరీ, 128 బిట్ల బస్సు (చిప్పుకూ మెమరీకీ మధ్య డేటా దారి) ఉంటాయి. 49 వాట్లు తాగుతుంది. రెండో రకంలో జీకే208 చిప్పు ఉంటుంది. కెప్లర్ తరం, 28 నానోమీటర్లు, 384 కోర్లు, 902 మెగాహెర్ట్జ్ వేగం. మెమరీ మాత్రం డీడీఆర్3నే, బస్సు 64 బిట్లు, 23 వాట్లు చాలు. మూడో రకం కూడా అదే జీకే208, అదే 64 బిట్లు, కానీ మెమరీ జీడీడీఆర్5. ఇది 25 వాట్లు తీసుకుంటుంది. కొంటే గింటే ఈ మూడోదే కొనాలని నా అభిప్రాయం. ఎందుకో లెక్కలు వేసి చూపిస్తాను, కాగితం పెన్ను పట్టుకోండి.

ముందు కోర్ల సంగతి. 96 ఎక్కడ, 384 ఎక్కడ, నాలుగు రెట్లు కదా అనిపిస్తుంది. అలా కాదు. ఫెర్మీలో కోర్లు మిగతా చిప్పుకు రెట్టింపు వేగంతో తిరుగుతాయి. చిప్పు 700 మెగాహెర్ట్జ్ అయితే కోర్లు 1400. ఒక్కో కోరు ప్రతి టిక్కుకూ రెండు లెక్కలు చేస్తుంది కాబట్టి 96ను 2తోనూ 1.4తోనూ గుణిస్తే దాదాపు 269 గిగాఫ్లాప్స్, అంటే సెకనుకు 269 వందల కోట్ల లెక్కలు. కెప్లర్‌కు 384ను 2తోనూ 0.902తోనూ గుణిస్తే దాదాపు 693. అంటే రెండున్నర రెట్లు. తక్కువేం కాదు, కానీ డబ్బా మీది కోర్ల సంఖ్య చెప్పినంతా కాదు.

ఇక అసలు మెలిక మెమరీ దగ్గరుంది. “4 జీబీ” అన్నది చెరువు ఎంత పెద్దదో చెబుతుంది. పొలానికి నీళ్లు ఎంత జోరుగా వస్తాయన్నది తూమును బట్టి ఉంటుంది. ఆ తూము లెక్క ఇలా కట్టాలి: బస్సు ఎన్ని బిట్లో దాన్ని 8తో భాగిస్తే బైట్లు వస్తాయి, దాన్ని మెమరీ వేగంతో గుణించాలి. మొదటి రకానికి 128ని 8తో భాగిస్తే 16. డీడీఆర్3 వేగం ఒక్కో బిట్ దారికి సెకనుకు 1.8 గిగాబిట్లు కాబట్టి సెకనుకు 28.8 జీబీ. రెండో రకానికి 64ను భాగిస్తే 8, వేగం అదే 1.8, కాబట్టి 14.4 జీబీ. మూడో రకానికీ 8 బైట్లే, కానీ జీడీడీఆర్5 వేగం 5.0, కాబట్టి 40 జీబీ.

చూశారా? రెండో రకంలో చిప్పు మొదటిదాని కంటే ఎంతో బలమైనది, దానికి అందే డేటా మాత్రం సగం. 384 కోర్లూ మెమరీ వైపు చూస్తూ ఖాళీగా కూర్చుంటాయి. మార్కెట్లో “4 జీబీ” అని అమ్మేవాటిలో ఎక్కువ భాగం డీడీఆర్3వే. ఆ మెమరీ చవక కాబట్టి ఎక్కువ పోసి డబ్బా మీద పెద్ద అంకె వేస్తారు. జీడీడీఆర్5 కార్డులు మామూలుగా 1 లేదా 2 జీబీతో వస్తాయి. కుర్రాళ్లు చిన్న అంకె చూసి దాన్ని పక్కన పెట్టేస్తారు. 2 జీబీ జీడీడీఆర్5 ముందు 4 జీబీ డీడీఆర్3 నిలవదు. ఇంత చిన్న చిప్పు 4 జీబీ నిండేంత బరువైన దృశ్యాన్ని గీయబోయేలోపే ఫ్రేములు, అంటే సెకనుకు గీసే బొమ్మల సంఖ్య, పడిపోతాయి.

మరి అంత జోరు ఎందుకు కావాలి? 1920 బై 1080 తెరకు ఒక్క ఫ్రేము అంటే ఇరవై లక్షల పైచిలుకు పిక్సెళ్లు. ఒక్కోదానికి 4 బైట్లు వేసుకుంటే సుమారు 8.3 ఎంబీ. సెకనుకు 60 సార్లు అంటే 500 ఎంబీ. ఇంతే అయితే 14.4 జీబీ బోలెడు. అందుకే డెస్క్‌టాప్, వర్డ్, బ్రౌజరు ఏ రకం మీదైనా హాయిగా నడుస్తాయి. గేములో అలా కాదు. ఒకే పిక్సెల్‌ను పదేపదే గీస్తారు, ప్రతిసారీ టెక్స్చర్లు చదవాలి, లోతు విలువ చదివి మళ్లీ రాయాలి, నీడలకు ఇంకో చుట్టు తిరగాలి. అక్కడ తూము ఇరుకైతే రిజల్యూషన్ 1280 బై 720కి దించక తప్పదు. వాలరెంట్ అనే గేము 2020లో వచ్చినప్పుడు దాని కంపెనీ వాళ్లు సెకనుకు 60 ఫ్రేములకు జీటీ 730 ఉంటే చాలని రాశారు. మూడింటిలో ఏ 730 అన్నది రాయలేదు!

ఇంకో లెక్క కూడా చూసుకోండి. మీ కంప్యూటర్‌లో డీడీఆర్3 1600 ర్యామ్ ఒక్క స్టిక్కే ఉంటే ప్రాసెసర్‌లోనే ఉండే ఇంటెల్ గ్రాఫిక్స్‌కు అందేది సెకనుకు 12.8 జీబీ. అలాంటిదే ఇంకో స్టిక్కు డ్యూయల్ ఛానల్‌లో (రెండూ ఒకేసారి పనిచేసేలా) పెడితే 25.6 అవుతుంది. ప్రాసెసర్ మిగతా పనులతో పంచుకోవాలి, నిజమే. అయినా 14.4 జీబీ కార్డు కొనే డబ్బుతో రెండో స్టిక్కు కొంటే కంప్యూటర్ మొత్తం తేలికపడుతుంది. ముందు కేసు విప్పి ఎన్ని స్టిక్కులున్నాయో చూడండి.

రకం ఎలా పోల్చుకోవాలంటారా? సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి చోట పాత కార్డు కొంటుంటే దుకాణంలోనే కంప్యూటర్‌కు పెట్టించి జీపీయూ-జెడ్ నడిపించమనండి. కార్డు వివరాలు చూపించే ఉచిత ప్రోగ్రామే, ఇన్‌స్టాల్ చేయనక్కర్లేదు. మూడు గళ్లు చూస్తే చాలు: చిప్పు పేరు, మెమరీ రకం, బస్సు వెడల్పు. జీకే208, జీడీడీఆర్5, 64 బిట్లు అని వస్తే సరైనది. లైనక్స్ ఉంటే పరికరం నంబరు చూడండి. 1287 అయితే జీకే208, 0ఎఫ్02 అయితే జీఎఫ్108. కార్డు బయాస్ (దాని లోపలి మూల ప్రోగ్రాము) మార్చేసి పాత చిప్పును పెద్ద కార్డు పేరుతో అమ్మే మోసాలూ ఉన్నాయి. 2018 నుంచి జీపీయూ-జెడ్ అలాంటి ఎన్‌విడియా కార్డులను పసిగట్టి పేరు పక్కనే నకిలీ అని చూపిస్తుంది. పెట్టి చూపించను అనే దుకాణంలో కొనకండి.

అదే చోట బస్సు ఇంటర్‌ఫేస్ (కార్డు మదర్‌బోర్డుకు కలిసే దారి) గడిలో “ఎక్స్8” అని కనిపిస్తే కంగారు పడొద్దు. జీకే208కు ఉన్నదే ఎనిమిది లేన్లు (డేటా దారులు), స్లాటు పొడుగు పదహారుదైనా సరే. ఖాళీగా ఉన్నప్పుడు ఆ దారి వెర్షన్ 2.0 బదులు 1.1 అని చూపించడం కూడా కరెంటు ఆదా కోసమే.

బిగించడం కష్టం కాదు. ఈ కార్డుకు వేరే కరెంటు వైరు అక్కర్లేదు. స్లాటు 75 వాట్ల దాకా ఇవ్వగలదు, ఇది అడిగేది 25. కంపెనీ 300 వాట్ల సప్లయి ఉండాలంటుంది గానీ అది మొత్తం కంప్యూటర్‌కు చెప్పిన లెక్క. మీది సన్నటి ఆఫీసు కేసైతే కార్డు పొట్టిదై ఉండాలి, పొట్టి బ్రాకెట్టూ దొరకాలి. కొనేటప్పుడే ఆ రేకు అడిగి తీసుకోండి, తర్వాత విడిగా వెతకడం పెద్ద తలనొప్పి. రేకు మార్చేటప్పుడు వీజీఏ పోర్టును స్క్రూలు విప్పి పక్కకు తీయాల్సి వస్తుంది. అది రిబ్బన్ కేబుల్‌తో ఉంటుంది, లాగి తెంపకండి.

కంప్యూటర్ ఆపి, ప్లగ్గు పీకి, పవర్ బటన్ అయిదారు సెకన్లు నొక్కి పట్టుకోండి, మిగిలిన ఛార్జి పోతుంది. కేసు ఇనుమును ఒకసారి ముట్టుకుని అప్పుడు కార్డు అంచులు పట్టుకోండి. స్లాటు చివరి గొళ్లెం టిక్కుమనేదాకా రెండు వైపులా సమంగా నొక్కి, వెనక స్క్రూ బిగించండి. ఆ స్క్రూ వదిలేస్తే హెచ్‌డీఎంఐ వైరు బరువుకే కార్డు ఒరిగి తెర పోతుంది.

ఆన్ చేశాక తెర నల్లగా ఉంటే మొదట చూడాల్సింది వైరు మదర్‌బోర్డుకే ఉండిపోయిందా అని. నూటికి ఎక్కువ పాళ్లు అదే. తర్వాత కార్డు తీసి బంగారు రంగు పళ్లను తెల్ల రబ్బరుతో మెల్లగా రుద్ది, పొడి దులిపి మళ్లీ పెట్టండి. అప్పటికీ రాకపోతే మదర్‌బోర్డు బయాస్‌లో సీఎస్‌ఎం (పాత పద్ధతి కార్డులను నడవనిచ్చే సెట్టింగు) ఆపి ఉందేమో చూడండి. పాత కార్డుల్లో, ముఖ్యంగా ఫెర్మీ వాటిలో, యూఈఎఫ్ఐకి, అంటే కొత్త తరం బయాస్‌కి, కావాల్సిన భాగం లేనివి ఉన్నాయి. అలాంటిది సీఎస్‌ఎం ఆన్ చేస్తేనే బొమ్మ చూపిస్తుంది. అయితే సీఎస్‌ఎం ఆన్‌లో ఉంటే సెక్యూర్ బూట్ (కంప్యూటర్ మొదలయ్యేటప్పటి భద్రతా తనిఖీ) పనిచేయదు, ఆ సంగతి గుర్తుంచుకోండి.

తెర వచ్చి, గేము మొదలైన పది నిమిషాలకు ఆగిపోతుంటే వేడి చూడండి. జీకే208కు కంపెనీ చెప్పిన గరిష్ఠం 98 డిగ్రీలు. 85 దాటుతోందంటే దుమ్మో, ఎండిన పేస్టో. ఫ్యాను తిరక్కుండా వేలితో ఆపి బ్రష్షుతో దులపండి. పేస్టు మార్చేటప్పుడు ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో పాతది తుడిచి, బఠాణీలో సగమంత పెట్టండి. ఫ్యాను లేకుండా ఒట్టి అల్యూమినియం రెక్కలతో వచ్చే కార్డులైతే కేసులో గాలి ఆడాలి, లేకపోతే మన ఎండాకాలంలో అవి తట్టుకోవు.

కొనేముందు డ్రైవర్ల (కార్డును నడిపే ప్రోగ్రాముల) సంగతీ తెలియాలి. ఫెర్మీకి కొత్త డ్రైవర్లు 2018లో ఆగాయి, భద్రతా సవరణలు 2019 జనవరి దాకా ఇచ్చారు. కెప్లర్‌కు 2021లో ఆగాయి, భద్రతా సవరణలు 2024 సెప్టెంబరు దాకా. కాబట్టి రెండో, మూడో రకాలకు 470 వరుస డ్రైవరే ఆఖరిది. ఎన్‌విడియా సైటు నుంచే దింపండి, డ్రైవర్లు వెతికి పెడతామనే ప్రోగ్రాముల జోలికి పోవద్దు. డబ్బా మీద డైరెక్ట్ఎక్స్ 12 (గేములు కార్డుతో మాట్లాడే విండోస్ పద్ధతి) అని ఉన్నా ఫీచర్ లెవల్ 11_0 దగ్గరే ఆగుతుంది, 12_0 అడిగే గేము తెరుచుకోదు. ఫెర్మీకైతే వల్కన్ అనే అలాంటి ఇంకో పద్ధతి అసలే లేదు.

వీడియోల విషయం కూడా అడిగారు కదా. ఈ కార్డు హెచ్.264 అనే రకంలో కుదించిన వీడియోను తనే విప్పగలదు. యూట్యూబ్ ఎక్కువగా పంపే వీపీ9, ఏవీ1 రకాలు దీనికి రావు. అప్పుడు ఆ పనంతా ప్రాసెసర్ మీద పడి పాఠం వీడియో కూడా తడబడుతుంది. యూట్యూబ్‌ను హెచ్.264 మాత్రమే అడిగేలా చేసే ఎక్స్‌టెన్షన్ బ్రౌజరుకు పెట్టుకుంటే 1080 దాకా సాఫీగా నడుస్తుంది. హెచ్‌డీఎంఐ 1.4 కాబట్టి 4కే టీవీకి తగిలిస్తే సెకనుకు 30 ఫ్రేములతోనే సరిపెట్టుకోవాలి, మౌసు కదలిక కూడా బరువుగా ఉంటుంది. ఆ టీవీని 1080లో 60కి పెట్టుకోవడమే మేలు.

దుకాణానికి వెళ్లినప్పుడు జీపీయూ-జెడ్ తెరను ఫోటో తీసి పంపండి, చూసి చెబుతాను. డబ్బా ఫోటో మళ్లీ పంపొద్దు.

ఇట్లు,
మీ పెదనాన్న