కృష్ణా నీళ్ల తగాదాలో అసలు చిక్కు కొలత దగ్గరే ఉంది

కృష్ణా నీళ్ల తగాదా అనగానే అందరం వాటాల గురించే మాట్లాడుకుంటాం. ఆంధ్రప్రదేశ్‌కు 512 టీఎంసీలు (ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు), తెలంగాణకు 299, ఎవరికి అన్యాయం జరిగింది, ఎవరు ఎక్కువ తోడుకున్నారు. కానీ ఆ టీఎంసీలను ఎవరు కొలిచారు, నది పొడవునా ఎక్కడ కొలిచారు, ఎలా కొలిచారు అన్నది పెద్దగా ఎవరూ అడగరు. నూట ముప్పై ఏళ్ల వెనక్కి వెళ్లి చూస్తే గొడవకు వేరు అక్కడే కనిపిస్తుంది.

నదిలో కంటికి కనిపించేది నీటిమట్టం ఒక్కటే. ఒడ్డునో వంతెన స్తంభం మీదో గీతలు గీసిన గేజీ ఉంటుంది, చూసి చెప్పెయ్యొచ్చు. ప్రవాహం అలా కనపడదు. నది వెడల్పును ముక్కలుగా విడగొట్టి, ఒక్కో ముక్కలో లోతెంతో చూసి, కరెంట్ మీటరు నీళ్లలోకి దించి వేగం కొలిచి, వైశాల్యాన్ని వేగంతో గుణించి అన్నీ కూడితే అప్పుడొస్తాయి క్యూసెక్కులు. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు, సుమారు 28 లీటర్లు. 11,574 క్యూసెక్కులు ఒక రోజంతా పారితే ఒక టీఎంసీ. ఇంత పని గంటగంటకీ చెయ్యలేరు కాబట్టి వేర్వేరు మట్టాల దగ్గర కొలిచి, ఇంత ఎత్తుంటే ఇంత ప్రవాహం అని ఒక పట్టిక తయారుచేసుకుంటారు. ఆ తర్వాత గేజీ చూడటం, పట్టికలో అంకె తీసుకోవడం, అంతే. ఒక పెద్ద వరదకు ఇసుక మేటలు కదిలి నది అడుగు మారిందంటే పాత పట్టిక పనికిరాదు, మళ్లీ మొదటినుంచి కొలవాల్సిందే.

డెల్టా సాగు కోసం బెజవాడ దగ్గర 1855కల్లా ఆనకట్ట కట్టారు. అది పొలాలకు నీళ్లిచ్చిన సంగతి అందరికీ తెలుసు, నదికి కొలబద్ద అయిన సంగతి చాలామందికి తెలియదు. ఆనకట్ట మీదుగా పొర్లే నీటి లోతును బట్టి సూత్రంతో ప్రవాహం లెక్కకట్టి ఏటేటా రాసిపెట్టారు. రాష్ట్రాల మధ్య కృష్ణా నీళ్లు పంచడానికి 1969లో ఏర్పాటైన బచావత్ ట్రిబ్యునల్ ముందుకు వచ్చింది ఆ రికార్డే, 1894-95 నుంచి 1971-72 దాకా 78 ఏళ్ల లెక్క. పైన రాష్ట్రాలు వాడుకున్నది కూడా కలిపి చూసి, నూటికి 75 ఏళ్లు ఖాయంగా దొరికే నీరు 2,060 టీఎంసీలని ట్రిబ్యునల్ 1973లో తేల్చింది. పొలాల నుంచి తిరిగి నదిలోకి చేరే నీటిని కలుపుకుంటే మూడు రాష్ట్రాలకు పంచింది 2,130, అందులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు 811. ఇప్పటి 512, 299 ఆ 811లోంచి 2015లో తాత్కాలికంగా చీల్చుకున్నవే. అంటే ఈ రోజు మనం కొట్లాడుకుంటున్న అంకెల కింద బ్రిటిష్ కాలం నుంచి రాస్తూ వచ్చిన లెక్కలున్నాయి.

తర్వాత వచ్చిన బ్రిజేష్ కుమార్ ట్రిబ్యునల్ ఆ పాత రికార్డును పక్కనపెట్టి 1961-62 నుంచి 2007-08 దాకా 47 ఏళ్లు తీసుకుంది. 75 శాతం లెక్కన 2,173 టీఎంసీలు తేలాయి. ఆ ట్రిబ్యునలే పంపకానికి 65 శాతం లెక్కను ఎంచుకునేసరికి అది 2,293 అయింది. నది అదే, ఏ ఏళ్లు లెక్కలోకి తీసుకోవాలి, నూటికి ఎన్నేళ్లు దొరికే నీటిని పంచాలి అన్న నిర్ణయాలతోనే పంచుకోవాల్సిన రాశి పెరిగిపోయింది. దిగువన ఉన్నవాళ్లకు ఇది ఎందుకు భయం పుట్టించిందంటే, కాగితం మీద పెరిగిన నీరు నిజంగా రాని ఏడాది ఎండేది చివరనున్న పొలాలే. కేసు సుప్రీంకోర్టుకు వెళ్లింది, ట్రిబ్యునల్ తీర్పు గెజిట్‌లోకి రాలేదు, అంటే అమల్లోకి రాలేదు.

జలాశయాల దగ్గరా ఇదే చిక్కు. శ్రీశైలం నిండు మట్టం 885 అడుగులు, మొదట్లో ఆ మట్టానికి 308 టీఎంసీలు అనుకునేవారు. పూడిక చేరాక సర్వే చేస్తే 215.81 టీఎంసీలే తేలాయి. గేజీ మీద మాత్రం అదే 885.

2014 విభజన చట్టంతో కృష్ణా నదీ యాజమాన్య బోర్డు వచ్చింది, కొలతల గొడవ మాత్రం తీరలేదు. శ్రీశైలం జలాశయం నుంచి రాయలసీమ వైపు నీళ్లు మళ్లించే పోతిరెడ్డిపాడు దగ్గర లెక్కకు మించి తీసుకుంటున్నారని తెలంగాణ, శ్రీశైలంలో కరెంటు కోసం నీళ్లు వదిలేస్తున్నారని ఆంధ్రప్రదేశ్. అది ముదిరి 2023 నవంబరు ఆఖర్లో నాగార్జునసాగర్ డ్యాం మీద పోలీసులు మోహరించి, సగం గేట్ల దగ్గర కంచె వేసే దాకా వెళ్లింది. ఏ వైపు మాట నిజమో చెప్పాలంటే రెండు వైపులా నమ్మే రీడింగు కావాలి కదా, అది లేదు. మనిషి చూసి రాసే పద్ధతి వద్దని, సెన్సర్లతో మట్టం, ప్రవాహం నేరుగా పంపే టెలిమెట్రీని మొదటి విడతలో 18 చోట్ల పెట్టారు. మళ్లీ దాని మీదా తగవే. సెన్సరు హెడ్ రెగ్యులేటర్ (కాలువ మొదట్లో ఉండే గేట్లు) పక్కనే ఉండాలా, కాలువలో కొన్ని కిలోమీటర్ల కింద ఉండాలా అని. గేటు కింద నీరు సుడులు తిరుగుతుంది కాబట్టి కింద పెడితే రీడింగు స్థిరంగా వస్తుందన్నది ఇంజనీరింగ్ మాట, మధ్యలో ఎవరైనా తోడుకుంటే లెక్కలోకి రాదన్నది అవతలివాళ్ల అనుమానం. రెండూ అర్థం చేసుకోదగ్గవే. అందుకే నేననేది, రెండు చోట్లా పెట్టండి, వచ్చిన రీడింగును ఏ ఆఫీసులోనూ సరిదిద్దకుండా రెండు రాష్ట్రాల రైతులూ ఫోన్లో చూసుకునేలా బయట పెట్టండి.